గోడ మీది 17 లక్ష్యాల్లో మన చేతికి అందేది ఏది?

దీపస్తంభం | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో లిఫ్టు పక్కన గోడకి ఈ మధ్య ఒక పెద్ద పోస్టరు అంటించారు. రంగురంగుల గళ్లు, మొత్తం 17. ఐక్యరాజ్య సమితి వారి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు. రోజూ దాని ముందు నుంచే వెళ్తున్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. మొన్న లిఫ్టు చాలాసేపు రాకపోతే నిలబడి మొత్తం చదివాను. పేదరికం ఉండకూడదు, ఆకలి ఉండకూడదు, అందరికీ ఆరోగ్యం, చదువు, శుభ్రమైన నీరు, వాతావరణం, సముద్రాలు, శాంతి. ఒక్కోటీ కొండంత.

చదివినప్పటి నుంచి మనసులో ఒకటే మెదులుతోంది. ఇవన్నీ ప్రభుత్వాలు చెయ్యాల్సినవి కదా, నాలాంటి మామూలు ఉద్యోగి ఏం చెయ్యగలదు? గుడ్డసంచీ పట్టుకెళ్తాను, గదిలోంచి బయటికొస్తే లైటు ఆర్పుతాను. అవి మానను. కానీ నిజంగా లెక్కలోకి వచ్చే పని ఏదైనా ఉందా? మీరు చేసినవి చెప్పండి. చేసి చూసి కుదరక వదిలేసినవి కూడా చెప్పండి, అవి నాకు ఇంకా ఎక్కువ పనికొస్తాయి.

పాతరేడియో | సోమవారం, రాత్రి 10:05

మంచి ప్రశ్న అడిగారు. ముందు కాస్త వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ఇవి ఎలా పుట్టాయో తెలిస్తే మన చోటు ఎక్కడో తెలుస్తుంది.

2000 నుంచి 2015 దాకా సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాలని 8 ఉండేవి. వాటి చూపంతా పేద దేశాల మీదే. 2012లో బ్రెజిల్‌లోని రియోలో జరిగిన ఐక్యరాజ్య సమితి సమావేశం దగ్గర కొలంబియా, గ్వాటెమాలా దేశాలు కొత్త ఆలోచన ముందుకు తెచ్చాయి. అభివృద్ధినీ పర్యావరణాన్నీ విడదీయకుండా, ధనిక దేశాలకి కూడా వర్తించే లక్ష్యాలు పెట్టుకుందాం అని. మూడేళ్ల చర్చల తర్వాత 2015 సెప్టెంబరు 25న 193 దేశాలు ఒప్పుకున్నాయి. 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు, గడువు 2030.

దీపస్తంభం గారూ, మీరు పోస్టరు చదివారు. అసలు విషయమంతా ఆ 169లో ఉంది. పోస్టరు మీద ఉన్నది పుస్తకానికి అట్టలాంటిది. లోపల ఎంత చిన్న చిన్న విషయాలున్నాయో చూస్తే ఆశ్చర్యపోతారు. పుట్టిన ప్రతి బిడ్డకీ జనన నమోదు ఉండాలి అని ఒకటి (16.9, అంటే 16వ లక్ష్యం కింద తొమ్మిదోది). ఇంటి చాకిరీని, పిల్లల, పెద్దల సంరక్షణని పనిగా గుర్తించాలి, ఇంట్లో అందరూ పంచుకోవాలి అని ఇంకొకటి (5.4). ఈ రెండోది ఏ ప్రభుత్వం చేస్తుంది చెప్పండి, మన వంటగదిలోకి వచ్చి?

ఇంకో మాట. ఇది చట్టం కాదు. చెయ్యని దేశానికి శిక్షేమీ లేదు. ఏటా జులైలో న్యూయార్క్‌లో జరిగే ఉన్నతస్థాయి వేదిక ముందు దేశాలు తమంతట తామే తమ నివేదిక పెడతాయి, అంతే. అడిగేవాళ్లు ఉన్నచోట ఆ నివేదికకి విలువ ఉంటుంది. అడిగే పని మాత్రం మనది.

సూటిప్రశ్న | సోమవారం, రాత్రి 11:31

నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

2025లో ఐక్యరాజ్య సమితి విడుదల చేసిన నివేదిక చూడండి. లెక్క దొరికిన ఉపలక్ష్యాల్లో దారిలో ఉన్నవి, ఓ మోస్తరుగా నడుస్తున్నవి కలిపితే 35 శాతం. దాదాపు సగం నత్తనడక. 18 శాతం అయితే 2015లో ఉన్నచోటు కన్నా వెనక్కి పోయాయి. గడువు 2030. ఈ పరిస్థితిలో "మీరు లైటు ఆర్పండి, మీరు సంచీ తెచ్చుకోండి" అని మామూలు మనిషి నెత్తిన భారం పెట్టడం నాకు నచ్చదు.

వాతావరణ మార్పుల మీద పనిచేసే శాస్త్రవేత్తల అంతర్జాతీయ బృందం లెక్క ప్రకారం, ప్రపంచంలో కుటుంబాల లెక్కకి వచ్చే ఉద్గారాల్లో (భూమిని వేడెక్కించే వాయువుల్లో) ఎక్కువ వదిలే పైవరస పది శాతం కుటుంబాల వాటా 34 నుంచి 45 శాతం. కింది సగం జనాభా మొత్తం వాటా 13 నుంచి 15 శాతం. అందరూ సమానంగా పాడుచెయ్యలేదు, మరి బాగుచేసే బాధ్యత అందరికీ సమానంగా ఎలా పంచుతాం?

వానచినుకు | మంగళవారం, ఉదయం 6:48

సూటిప్రశ్న గారూ, మీ లెక్కలు సరైనవే, కోపం కూడా న్యాయమైనదే. కానీ ఒక్క ఉదాహరణ చెప్తాను.

ఓజోన్ పొర సంగతి. స్ప్రే డబ్బాల్లో, ఫ్రిజ్‌ల్లో వాడే వాయువులు ఆ పొరని తినేస్తున్నాయని 1974లో మోలినా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. చట్టం రాకముందే అమెరికాలో జనం ఆ స్ప్రేలు కొనడం తగ్గించేశారు. 1978లో అక్కడ నిషేధం వచ్చింది. 1987లో ఆ వాయువుల్ని ఆపడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం. ఆ తర్వాత ప్రపంచంలో ప్రతి దేశమూ దాని మీద సంతకం పెట్టింది. ఇప్పుడు ధ్రువాలు తప్ప మిగతా ప్రపంచంలో ఆ పొర 2040 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా. అంటార్కిటికా మీద ఇంకా ఆలస్యం, 2066 దాకా.

కొనడం మానేసిన వాళ్లొక్కరే ఆ పని చెయ్యలేదు. చట్టమొక్కటే కూడా చెయ్యలేదు. జనం మారుతున్నారని కనబడ్డాక చట్టం తేవడం తేలికయింది. నేను రెండిటినీ ఒకే తాడుకి రెండు పేటలుగా చూస్తాను.

అన్నీ వెనక్కే పోతున్నాయని కూడా అనుకోకండి. అయిదేళ్లలోపు పిల్లల మరణాల రేటు 2000తో పోలిస్తే 2022 నాటికి సగానికి పడిపోయింది. ఆ తగ్గిన సంఖ్య వెనక టీకా పెట్టె భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగిన మనుషులున్నారు.

వంటశాల_లెక్క | మంగళవారం, మధ్యాహ్నం 3:20

నేను ఒక హాస్టల్లో వంటశాల చూసుకుంటాను. నేను చేసింది చెప్తాను, పెద్దదేమీ కాదు, కానీ లెక్క ఉంది.

12.3 అని ఒక ఉపలక్ష్యం ఉంది. దుకాణాల్లో, ఇళ్లలో, తినే చోట్ల తలసరి ఆహార వృథాని 2030కి సగం చెయ్యాలి. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి పారేశాం. అందులో అరవై శాతం ఇళ్లలోంచే. తలకి ఏడాదికి 79 కిలోలు, ఇంట్లోనే. ఈ అంకె చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు, నా వంటశాల ఎంత పారేస్తోందో నాకే తెలియదు కాబట్టి.

మొదట అందరూ చేసేదే చేశాను. "ఆహారం వృథా చెయ్యకండి" అని బోర్డు రాయించి పెట్టాను. నెల తర్వాత చూస్తే పిల్లలకి ఆ బోర్డు గోడలో కలిసిపోయింది. ఒక్క మెతుకు తగ్గలేదు.

అప్పుడు మూడు బకెట్లు పెట్టాను. ఒకటి తరిగేటప్పుడు పోయే దానికి. రెండోది వండి వడ్డించకుండా మిగిలిపోయిన దానికి. మూడోది కంచాల్లో వదిలేసిన దానికి. రాత్రి గిన్నెలు కడిగే ముందు మూడింటినీ కాటాకి తగిలించి బరువు చూసి నోటుపుస్తకంలో రాసేవాళ్లం. అన్నాళ్లూ తప్పంతా పిల్లలదే, పెట్టించుకుని వదిలేస్తున్నారని అనుకునేదాన్ని. వారం తిరిగేసరికి చూస్తే రెండో బకెట్టే బరువు! తప్పు నాది. రిజిస్టరులో ఎంతమంది ఉంటే అంతమందికి వండుతున్నాం. శుక్రవారం, శనివారం రాత్రుళ్లు సగం మంది బయటికి పోతారు. అది నన్నెవరూ అడగలేదు, నేనూ వాళ్లని అడగలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక కాగితం ఉంటుంది. రాత్రికి ఉండేవాళ్లు టిక్కు పెట్టాలి, అంతే. రెండో బకెట్టు సగానికి పైగా తగ్గింది. తర్వాత వడ్డించే గరిటె ఒక సైజు చిన్నది తెచ్చాం, ఎన్నిసార్లైనా పెట్టించుకోవచ్చని చెప్పాం. మూడోదీ తగ్గింది. మొదటి బకెట్టులోది ఎరువు గుంతలోకి పోతుంది.

కాటా లేకుండా ఇదేదీ తెలిసేది కాదు. నాకు తెలిసింది ఇదే, ముందు తూకం వెయ్యండి.

నీలిగాలిపటం | మంగళవారం, సాయంత్రం 5:02

ఆ మూడు బకెట్ల పద్ధతి చాలా బాగుందండీ! ఇంట్లో ఇద్దరమే ఉంటాం, కాటా పెట్టేంత ఉండదు. ఎలా మొదలుపెట్టను?

వంటశాల_లెక్క | మంగళవారం, సాయంత్రం 5:40

ఇంట్లోకి కాటా అక్కర్లేదమ్మా. ఒక వారం పాటు పారేసిన ప్రతిదాన్నీ కాగితం మీద రాయి, పక్కనే ఎందుకు పారేశావో ఒక ముక్క. "మర్చిపోయాను", "ఎక్కువ వండాను", "తేదీ దాటింది". ఏ కారణం ఎక్కువసార్లు వస్తే దాన్ని పట్టుకో. చాలామందికి "మర్చిపోయాను" వస్తుంది. అలాగైతే ఫ్రిజ్‌లో కళ్లకి ఎదురుగా ఒక డబ్బా పెట్టి, ముందు తినాల్సినవన్నీ అందులో వేసుకో.

నాలుగుచక్రాలు | మంగళవారం, రాత్రి 8:55

నాది చక్రాల కుర్చీ. పదహారేళ్లయింది. ఈ లక్ష్యాల పత్రంలో నన్ను కదిలించిన మాట ఒక్కటే, ఎవరినీ వెనక వదిలెయ్యకూడదు అన్నది. రవాణా గురించి రాసిన చోట (11.2), పార్కులు, బహిరంగ స్థలాల గురించి రాసిన చోట (11.7) వికలాంగుల ప్రస్తావన స్పష్టంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 130 కోట్ల మంది, ఆరుగురిలో ఒకరం.

పోయినేడాది ఒక కార్యాలయానికి పనిమీద వెళ్లాను. ర్యాంపు ఉంది, కొత్తగా కట్టారు, పక్కన బొమ్మ కూడా వేశారు. ఎక్కబోతే కుర్చీ ముందు చక్రాలు పైకి లేచిపోయాయి. వెనక ఎవరో పట్టుకోబట్టి పడలేదు. ఎత్తు అడుగున్నర, ర్యాంపు పొడవు నాలుగడుగులు. లెక్క తెలిసినవాళ్లు ఎవరైనా చెప్తారు, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంటే అక్కడ పద్ధెనిమిది అడుగులు రావాలి. కాగితం మీద "ర్యాంపు నిర్మించడమైనది" అని రాసేసి ఉంటారు. నేను మాత్రం గేటు దగ్గరే కూర్చుని, ఫైలు లోపలికి పంపించి, పని చేయించుకున్నాను. ఆ రోజు ఎండలో కూర్చున్న గంట నాకింకా గుర్తుంది.

కాబట్టి దీపస్తంభం గారూ, మీరడిగిన దానికి నా జవాబు. మీరు ఏ పని చేసినా, అది ఎవరి కోసమో వాళ్లని మొదటి రోజే పిలవండి. మేస్త్రీ అయితే కట్టే ముందు నాలాంటి వాళ్లని ఒక్కసారి ఎక్కించి చూడండి. మీటింగు పెట్టేవాళ్లయితే కింది అంతస్తులో పెట్టండి. ఖర్చేమీ కాదు.

దీపస్తంభం | బుధవారం, ఉదయం 7:30

నాలుగుచక్రాలు గారూ, మీ పోస్టు రాత్రి రెండుసార్లు చదివాను.

అందరి మాటలూ చదివాక నాకొకటి తట్టింది. నేను ఇంట్లో ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కానీ నేను పనిచేసేది కొనుగోళ్ల విభాగంలో. ఇంట్లో ఏడాదికి నేను కొనేదానికన్నా ఆఫీసులో ఒక్క రోజు నా టేబుల్ మీద సంతకమయ్యేది ఎక్కువ. మూడేళ్లు నిండిన ప్రతి ల్యాప్‌టాప్‌నీ తీసేసి కొత్తది తెప్పిస్తాం. ఎందుకు మూడేళ్లు అని ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

పాతరేడియో | బుధవారం, ఉదయం 9:14

అడగండి! 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. తిరిగి కరిగించడం కన్నా, బ్యాటరీ మార్చో మెమరీ పెంచో ఇంకో రెండేళ్లు వాడటమే మేలు, ఎందుకంటే ఆ వస్తువు తయారీలోనే బోలెడు కరెంటు, ఖనిజాలు ఖర్చయిపోయి ఉంటాయి.

రాత్రిబడి | బుధవారం, రాత్రి 9:48

నేను పగలు వేరే ఉద్యోగం చేస్తాను, వారంలో మూడు రాత్రులు పెద్దవాళ్లకి చదువు చెప్తాను. లక్ష్యం 4 చదువు, అందులో 4.6 పెద్దవాళ్ల అక్షరాస్యత. యునెస్కో లెక్కలో చదవడం, రాయడం రాని పెద్దలు 2024లో కూడా 73.9 కోట్ల మంది. మూడింట రెండు వంతులు ఆడవాళ్లు.

కుదరనివి కూడా చెప్పమన్నారు కదా, నా మొదటి ఏడాది మొత్తం అదే. పలకలు పంచి, అక్షరాల చార్టు తగిలించి, చిన్నపిల్లలకి చెప్పినట్టు మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను. రెండు నెలలకి క్లాసు ఖాళీ. పని చేసి అలసిపోయి వచ్చిన మనిషికి ఆ వరస ఎప్పటికి పూర్తవుతుందో తెలియదు, దాంతో ఏం ఒరుగుతుందో కూడా తెలియదు.

రెండో ఏడాది మొదటి రోజున "మీకు ఏం చదవాలనుంది?" అని అడిగాను. యాభై దాటిన ఒకావిడ కొంగుముడి విప్పి మందుబిళ్లల అట్ట తీసి నా ముందు పెట్టింది. భర్తకి రోజూ తనే వేస్తుంది. ఏది పొద్దున, ఏది రాత్రి అన్నది అట్ట రంగుని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. కంపెనీ రంగు మార్చేసరికి తికమకపడి రెండు రోజులు ఒకటే మందు రెండుసార్లు వేసేసిందట. ఆ రోజు నుంచి మా మొదటి పాఠం మందుల అట్ట. అంకెలు ముందు, తేదీ తర్వాత, పేరు చివర. ఆవిడకి పదకొండు వారాలు పట్టింది. ఒకరోజు క్లాసు మధ్యలో "ఇది పోయిన నెలతోనే అయిపోయిందండీ, వెయ్యకూడదు" అని చదివి చెప్పింది. మేమంతా చప్పట్లు కొట్టాం, ఆవిడ కళ్లనిండా నీళ్లు.

అక్కడ ఒకేసారి చదువు, ఆరోగ్యం, ఆడవాళ్ల సమానత్వం, మూడు లక్ష్యాలు. గళ్లు విడివిడిగా గీశారు గానీ మనుషుల జీవితాల్లో అవి విడిగా ఉండవు.

సూటిప్రశ్న | గురువారం, ఉదయం 8:22

రాత్రిబడి గారికి నమస్కారం. చదువుతుంటే గొంతు పట్టేసింది.

నేను మొదట రాసింది వెనక్కి తీసుకోను, కానీ దానికి ఒకటి కలుపుతాను. ఎవరికి వాళ్లం మారితే సరిపోదన్నదే నా బాధ. నడవమంటే నడిచే దారి ఉండాలి, బస్సెక్కమంటే బస్సు రావాలి. అవి ఒంటరిగా ఎవరూ తెచ్చుకోలేరు.

నేను చేసింది ఒకటుంది. మా పిల్లల బడి ముందు రోడ్డు. 3.6 ప్రకారం రోడ్డు ప్రమాదాల మరణాలు, గాయాలు 2020కల్లా సగమైపోవాలి. 2021లో కూడా ప్రపంచంలో 11.9 లక్షల మంది చనిపోయారు. సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లే. గడువు దాటిపోయింది, దాన్ని 2030కి జరిపారు. ఆ సంగతి తెలిసినప్పుడే నాకు ఈ లక్ష్యాల మీద నమ్మకం సన్నగిల్లింది.

బడి ముందు స్పీడ్ బ్రేకర్, జీబ్రా గీతలు కావాలని రెండు అర్జీలు పెట్టాం. జవాబు రాలేదు. మూడోసారి నలుగురు తల్లిదండ్రులం బడి వదిలే గంటలో రోజూ నిలబడి లెక్కపెట్టాం. ఎన్ని బండ్లు వెళ్లాయి, ఎంతమంది పిల్లలు దాటారు, దాటడానికి ఎంతసేపు ఆగారు. అయిదు రోజుల లెక్క, ఒక్క పేజీ. ఆ పేజీ పట్టుకుని వెళ్తే అధికారి కూర్చోబెట్టి మాట్లాడారు. గీతలు పడ్డాయి. గంటకి 30 కిలోమీటర్లు దాటొద్దనే బోర్డు ఇంకా రాలేదు, వచ్చేదాకా వదలం.

వంటశాల అక్క కాటా, మా లెక్కల పేజీ ఒకటే. నిన్న రాత్రి అదే ఆలోచిస్తూ పడుకున్నాను.

నీలిగాలిపటం | గురువారం, మధ్యాహ్నం 1:15

నాకు కాటా లేదు కానీ గ్లాసు దొరికింది. మా బాత్‌రూమ్ కొళాయి ఎప్పటినుంచో కారుతోంది. 250 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి ఫోన్‌లో టైమర్ నొక్కాను. సరిగ్గా ఇరవై నిమిషాలకి నిండింది. అంటే గంటకి ముప్పావు లీటరు, రోజుకి 18 లీటర్లు, ఏడాదికి ఆరున్నర వేల లీటర్లు! లోపల రబ్బరు వాషర్ అరిగిపోయింది, మార్చడానికి పావుగంట పట్టింది.

వానచినుకు | గురువారం, మధ్యాహ్నం 2:03

భలే! ఒక్క మాట మాత్రం నిజాయితీగా చెప్పుకుందాం. మనింట్లో ఆగిన నీళ్లు ఎక్కడో నీళ్లు లేని ఇంటి బిందెలోకి వెళ్లవు. మనదీ వాళ్లదీ ఒకే చెరువో ఒకే పైపో అయితే తప్ప. ఇంటి ఆవరణలో నీటి వసతి లేని వాళ్లు 2022 లెక్కన ప్రపంచంలో 180 కోట్ల మంది. అలాంటి పది ఇళ్లలో ఏడింట నీళ్లు మోసేది ఆడవాళ్లు, ఆడపిల్లలు. వాళ్లకి కావాల్సింది పైపు, దాని మీద ఖర్చు. కొళాయి బాగుచేసిన వాళ్లు ఆ పైపు గురించి కూడా అడగాలి.

దీపస్తంభం | రెండు వారాల తర్వాత, శుక్రవారం, సాయంత్రం 6:40

ఏం జరిగిందో చెప్దామని వచ్చాను.

ల్యాప్‌టాప్‌లు మార్చే ఫారంలో ఒక కొత్త వరస పెట్టించాను: "ఇబ్బంది ఏమిటి?" ఇన్నాళ్లూ తేదీ ఒక్కటే ఉండేది. ఈసారి జాబితాలో ఉన్నవాళ్లు రాసి పంపితే, ఎక్కువమందికి బ్యాటరీ నిలవకపోవడమే ఇబ్బంది. కొందరైతే "ఏ ఇబ్బందీ లేదు, మీరే మారుస్తామన్నారు" అని రాశారు. మా మేనేజరు వెంటనే ఒప్పుకోలేదు. వారంటీ అయిపోతే ఎవరిది పూచీ అని అడిగారు, న్యాయమైన ప్రశ్నే. ఆరు నెలలు కొన్నింటికి బ్యాటరీ మార్చి చూద్దామన్నారు. ఏవి పాడయ్యాయో, ఎంత ఖర్చయిందో రాయడానికి పుస్తకం తెరిచాను. పాతరేడియో గారూ, పాతవి తీసుకునేవాళ్ల దగ్గర మేం ఏ కాగితాలు అడగాలో మీకు తెలిస్తే రాయండి.

ఇంకోటి. ఆ పోస్టరు ఉన్న లిఫ్టు దగ్గరికి వెళ్లాలంటే మూడు మెట్లు ఎక్కాలి. ఏళ్లుగా ఎక్కుతున్నాను, నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. నాలుగుచక్రాలు గారి పోస్టు చదివిన మర్నాడు టేపు పట్టుకెళ్లి కొలిచాను. సరిగ్గా అడుగున్నర. మీ లెక్కన పద్ధెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. గోడ వెంట ఉన్న జాగా పదిహేనే. మధ్యలో తిప్పి కట్టించవచ్చా?

నాలుగుచక్రాలు | శుక్రవారం, రాత్రి 7:05

తిప్పవచ్చండీ. తొమ్మిది అడుగులు వెళ్లాక అయిదడుగుల చదును విడిచి, అక్కణ్నించి వెనక్కి తిప్పి ఇంకో తొమ్మిది. పొడవు పద్నాలుగులో సరిపోతుంది. అయితే రెండు వరసలు పక్కపక్కన వస్తాయి కాబట్టి వెడల్పు చూసుకోవాలి. రెండువైపులా పట్టుకోవడానికి కడ్డీలు మర్చిపోవద్దు. నేల నున్నటి రాయి వద్దు, తడిస్తే జారుతుంది.

వెడల్పు కొలిచి రాయండి. సిమెంటు పోసే ముందు చెప్తే నేనే వచ్చి చూస్తాను.

దీపస్తంభం | శుక్రవారం, రాత్రి 7:11

సోమవారం పొద్దున్నే కొలిచి రాస్తాను.